సంక్రాంతి పిండివంటలు పంచాలంటే వంద రూపాయల గిఫ్ట్ బాక్సు అక్కర్లేదు

మీరు అడిగింది ఇదీ: సంక్రాంతికి అరిసెలు, సకినాలు, జంతికలు, సున్నుండలు ఇంట్లోనే చేసి అపార్ట్‌మెంట్లో, ఆఫీసులో కలిపి 30 ఇళ్లకు ఇవ్వాలి. షాపుల్లో గిఫ్ట్ బాక్సు ఒక్కోటి 80, 100 చెబుతున్నారు. అంత పెట్టకుండా, చూడటానికి బావుండేలా ప్యాకింగ్ ఎలా?

నేను చాలా ఏళ్లుగా పండగలకు ఆర్డర్ల మీద పిండివంటలు చేస్తున్నాను కాబట్టి వివరంగానే చెబుతాను. ముందు ఒక మాట. డబ్బు పెట్టాల్సింది లోపలి కవరు మీద. పైన కనిపించేదంతా ఇంట్లో ఉన్నవాటితో అయిపోతుంది. ఆ 100 రూపాయల బాక్సులో సగం ఖర్చు శాటిన్ గుడ్డకూ రిబ్బనుకూ పోతుంది. అందులో గాలి ఆడకుండా చేసే ఏర్పాటు ఏమీ ఉండదు. జంతికలు పెట్టి ఇస్తే మర్నాటికే మెత్తబడతాయి.

రెండో మాట, వంట మొదలుపెట్టకముందే డబ్బాలు కొని పెట్టుకోండి. చాలామంది అన్నీ వండేసి, ఆ తర్వాత పట్టే డబ్బా కోసం బజారంతా తిరుగుతారు. ముఖ్యంగా సకినాలు. ఇంట్లో తినడానికైతే నాలుగైదు చుట్లు చుట్టి అరచెయ్యంత చేస్తాం. అవి అరకిలో స్వీట్ బాక్సులో పట్టవు, పట్టించబోతే విరుగుతాయి. అందుకని పంచేవాటికి, సకినాలు చుట్టే బట్ట మీద డబ్బా అడుగుభాగాన్ని పెట్టి పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఆ గీతకు ఒక వేలెడు లోపలే ఉండేలా రెండు మూడు చుట్లు చుట్టండి. అరిసెలకూ అంతే. ఉండ కాస్త చిన్నదిగా చేస్తే ఒకదాని మీద ఒకటి సాఫీగా కూర్చుంటాయి.

డబ్బాలంటే మళ్లీ ఖరీదైనవి అనుకోకండి. షాపు పేరు అచ్చు వేయని సాదా స్వీట్ బాక్సులు హోల్‌సేల్లో మడత పెట్టి, 50, 100 కట్టలుగా అమ్ముతారు. ఇంటికొచ్చాక మనమే మడిచి నిలబెట్టుకోవాలి, పిల్లలకు అదొక ఆట. హైదరాబాద్‌లో బేగంబజార్, విజయవాడలో వన్‌టౌన్, విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే దొరుకుతాయి. మామూలుగా అరకిలో బాక్సు పది రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. జనవరి మొదటి వారం దాటితే బేరం కుదరదు, డిసెంబర్‌లోనే తెచ్చుకోండి. ఇరుగుపొరుగు ఇద్దరు కలిసి ఒక కట్ట పంచుకున్నా మంచిదే.

ఇక లోపలి ప్యాకింగ్. ఒక్కో వంట గుణం ఒక్కోలా ఉంటుంది కాబట్టి అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

జంతికలు, కారప్పూస, చెక్కలు, సకినాల్లాంటి కరకరలాడేవాటికి శత్రువు గాలిలో తేమ. సంక్రాంతి రోజుల్లో తెల్లారేసరికి మంచు పడుతుంది కదా, రాత్రంతా తెరిచి ఉంచితే పొద్దున్నకి పట్టు తప్పుతాయి. బాణలిలోంచి తీశాక పూర్తిగా చల్లారనివ్వండి. చెయ్యి పెడితే ఎక్కడా వెచ్చదనం తగలకూడదు. ఆ వెంటనే కవర్లో వేసి మూతి మూసేయండి. వేడి మీద మూస్తే కవరు లోపల చెమ్మ పడుతుంది, బాగా ఆలస్యం చేస్తే బయటి చెమ్మ లోపలికి వస్తుంది. రెండూ నష్టమే. పావుకిలో పట్టే ఫుడ్ గ్రేడ్ కవరు రూపాయి లోపే వస్తుంది. నిలబడే జిప్ పౌచులు, అవే ఒక పక్క బ్రౌన్ పేపరు, ఒక పక్క కిటికీ ఉండేవి, ఒక్కోటి ఏడెనిమిది రూపాయల దాకా ఉంటాయి. చేతిలో అది ఒక్కటే ఇచ్చేటట్లయితే ఆ పౌచు బావుంటుంది, పైన వేరే ఏమీ అక్కర్లేదు. డబ్బాలో పెట్టేటట్లయితే రూపాయి కవరు చాలు.

కవరు మూతికి స్టేప్లర్ కొట్టొద్దు. పిన్ను ఊడి జంతికల్లో పడితే ఎవరి నోట్లోకి పోతుందో తెలియదు. రబ్బరు బ్యాండు వేసినా గాలి ఆగదు. సీలింగ్ మెషిన్ లేకపోతే కిరాణా కొట్టువాళ్ల పాత పద్ధతి ఉంది: కొవ్వొత్తి, ఇనుము కోసే హాక్సా బ్లేళ్లు రెండు. కవరు మూతిని సమంగా పట్టుకుని రెండు బ్లేళ్ల మధ్య ఇరికించండి. బ్లేడు అంచు దాటి దారం మందాన ప్లాస్టిక్ బయటికి కనిపించాలి, అంతకంటే ఎక్కువ వద్దు. ఆ అంచును మంట పక్కనుంచి ఒక చివర నుంచి రెండో చివరకు ఆగకుండా లాగేయండి. మంట మొనకు తగిలితే మసి పడుతుంది, ఆగితే రంధ్రం పడుతుంది. బాగా కుదిరితే అంచున సన్నటి పూసలా గీత ఏర్పడుతుంది. చల్లారాక కవరును మెల్లగా నొక్కి చూడండి, గాలి బయటికి రాకపోతే సీలు పడినట్టు. ఖాళీ కవర్ల మీద రెండు మూడు సార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది. కరకరమనే మెరుపు కవర్లు కొన్ని మంట తగలగానే ముడుచుకుపోతాయి, ఈ పద్ధతికి మెత్తటి సాదా కవర్లే తీసుకోండి. ఈ పని చేసేటప్పుడు చీర కొంగు దోపుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

సకినాలు విరగకుండా ఉండాలంటే వాటిని నిలబెట్టకూడదు. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి ఐదారు పేర్చి, ఆ దొంతరను కవర్లో పెట్టి, డబ్బాలో చుట్టూ మిగిలిన సందులు నింపాలి. సందులకు థర్మకోల్ ముక్కలు, కాగితం ఉండలు కూరకండి. చిన్న కవర్లలో బొరుగులు పోసి సీలు చేసి దిండ్లలా ఇరికించండి. బరువుండవు, ఖర్చూ లేదు, సకినాలు అయిపోయాక వాళ్లు వాటిలో ఉల్లిపాయ, నిమ్మకాయ కలుపుకుని తింటారు. డబ్బా మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు వస్తోందంటే ఇంకో దిండు పడుతుంది.

అరిసెల సంగతి వేరు. వాటితో గొడవంతా నూనెది. అరిసెలు వత్తే చెక్కల మధ్య ఎంత గట్టిగా వత్తినా మర్నాటి దాకా నూనె ఊరుతూనే ఉంటుంది. కాబట్టి చేసిన రోజు ప్యాక్ చేయొద్దు. రాత్రంతా జల్లెడలోనో చిల్లుల గిన్నెలోనో అంచుల మీద నిలబెట్టి, కింద పళ్లెం పెట్టి, పైన పల్చటి బట్ట కప్పి వదిలేయండి. పొద్దున్నకి పళ్లెంలో చేరిన నూనె చూస్తే అదంతా ఎవరి డబ్బాలోకి వెళ్లేదో అర్థమవుతుంది. తర్వాత డబ్బా అడుగున బటర్ పేపరు వేసి పక్కలకు కూడా పైకి మడవండి. పాకం లేతగా పట్టిన మెత్తటి అరిసెలైతే ఒకదానికొకటి అతుక్కుంటాయి, ప్రతి రెండిటి మధ్య చదరపు బటర్ పేపరు ముక్క పెట్టండి. గట్టివైతే అవసరం లేదు. ఒక రోల్ కొని కత్తిరించుకుంటే 30 డబ్బాలకూ సరిపోతుంది.

న్యూస్‌పేపరు మాత్రం తినేవాటికి తగలనివ్వొద్దు. మన అమ్మమ్మలు పరిచారు, మనం తిన్నాం, ఏమీ కాలేదు అనే మాట నాకూ తెలుసు. కానీ వేడి నూనె తగిలితే అచ్చు ఇంకు తిండికి అంటుకుంటుంది. ఫుడ్ ప్యాకేజింగ్‌కు 2018లో వచ్చిన నిబంధనల్లోనే న్యూస్‌పేపర్‌లో ఆహారం చుట్టకూడదని ఉంది, 2023లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మళ్లీ హెచ్చరించింది కూడా. నూనె పీల్చడానికి తెల్ల టిష్యూ వాడండి, లేదా ఉతికిన పాత నూలు పంచె పరవండి.

సున్నుండలు డబ్బాలో నేరుగా పెడితే ఒకదాన్నొకటి ఒరుసుకుని పొడి రాలుతుంది, దారిలో రెండు పగులుతాయి. కప్ కేకులకు వాడే కాగితం కప్పులు ఉంటాయి కదా, వందల లెక్కన అమ్ముతారు, ఒక్కో ఉండను ఒక్కో కప్పులో కూర్చోబెట్టండి. ఖర్చు అర్ధ రూపాయి కూడా ఉండదు గానీ డబ్బా మూత తీయగానే ఖరీదైన మిఠాయిలా కనిపిస్తుంది. జనవరి చలిలో నెయ్యి గడ్డకట్టి ఉండ గట్టిగా నిలబడుతుంది, ఆ విషయంలో టెన్షన్ లేదు. ఇదే పని ఉగాదికి చేస్తే నెయ్యి కారుతుంది, అప్పుడు కప్పుకింద ఇంకో కప్పు వేయాలి.

కజ్జికాయలు కూడా చేస్తున్నట్లయితే లోపల ఏం పెట్టారో చూసుకోండి. ఎండుకొబ్బరి, నువ్వులు, పుట్నాల పొడి అయితే మిగతావాటితో పాటు పంపొచ్చు. పచ్చికొబ్బరిదైతే విడిగా, చేసిన రోజే ఇచ్చి, "రేపటికల్లా తినేయండి" అని నోటితో చెప్పాలి. బొబ్బట్లు, బూరెలు కూడా ఆ కోవలోవే. వాటికి డబ్బాలెందుకు, అరటాకు ఉంది. ఆకును మంట మీద ఒకసారి ఇటూ అటూ చూపిస్తే మెత్తబడుతుంది, మడిచినా చిరగదు. నెయ్యి రాసి బొబ్బట్టు మధ్యలో పెట్టి మడిచి పురికొసతో కట్టేయండి. అయితే నిలవ ఉండే పిండివంటల డబ్బాలో అడుగున అరటాకు పరవకండి. ఫొటోకు బావుంటుంది, ఆకులోని తడి అరిసెలకు చేరి నాలుగో రోజుకు బూజు వస్తుంది. ఆకు అందం కావాలంటే ఎండిన విస్తరాకు వాడండి. అడ్డాకు, మోదుగాకు విస్తళ్లు చవక. డబ్బా అడుగు సైజుకు కత్తిరించి పరిచి, దాని మీద బటర్ పేపరు వేస్తే సరి.

తీపి, కారం ఒకే కవర్లో కలపకండి. సున్నుండకు వాము వాసన పడుతుంది, జంతికకు మెత్తదనం వస్తుంది. ఒకే డబ్బాలో పెట్టినా కారం మాత్రం సీలు చేసిన కవర్లో ఉండాలి. నేనైతే ఇంటికి ఒక అరకిలో డబ్బా లెక్క వేస్తాను. అందులో ఆరు అరిసెలు, నాలుగు సున్నుండలు. కారాలు పక్కన పావుకిలో కవరు. సకినాలు పెడితే అరిసెలు తగ్గిస్తాను. హైదరాబాద్‌లో ఒక అంతస్తులో సకినాలు చేసే ఇల్లు, అరిసెలు చేసే ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. వాళ్లింట్లో చేయనిది మనం ఎక్కువ పెడితే సంతోషిస్తారు.

ఇక పైపై అందం. ఇందులో నాకు బాగా ఇష్టమైనది జాకెట్టు ముక్క. పండక్కి ఇంటికొచ్చిన ఆడవాళ్లకు పసుపు, కుంకుమ, తాంబూలంతో పాటు జాకెట్టు ముక్క ఎలాగూ ఇస్తాం. ఆ ముక్కతోనే డబ్బాను మూట కట్టేయండి. గుడ్డను మూల మనవైపు వచ్చేలా పరిచి, మధ్యలో డబ్బా పెట్టి, ఎదురెదురు మూలలు రెండు పైకి తెచ్చి ఒక ముడి, మిగిలిన రెండిటితో దాని మీద ఇంకో ముడి. పై ముడి చెవులు కాస్త పొడుగ్గా వదిలితే పట్టుకోవడానికి పిడిలా ఉంటుంది. బట్ట గట్టిగా ఉండే నూలు ముక్కైతే ముడి నిలుస్తుంది, జారే రకమైతే ఊడిపోతుంది. ఇచ్చే వస్తువే ప్యాకింగ్ అయింది కాబట్టి అదనపు ఖర్చు సున్నా. ముక్క పొడవుగా ఉంటే నాలుగు మూలలు సమంగా రావు, ఒక పక్క లోపలికి మడిచి కట్టండి. కత్తిరించారంటే జాకెట్టుకు పనికిరాదు, తర్వాత తిట్టుకుంటారు.

అందరికీ జాకెట్టు ముక్క కుదరదు, ఆఫీసులో మగవాళ్లకు అసలే కుదరదు. వాళ్లకు పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు తీసుకోండి. డబ్బాకు నడుము పట్టీలా నాలుగు వేళ్ల వెడల్పున చుట్టి, పురికొస రెండు చుట్లు తిప్పి ముడి వేయండి. డబ్బా మొత్తం కప్పక్కర్లేదు, కాగితం ఆదా. ఆ పట్టీ మీద పిల్లల చేత తెల్ల పెన్నుతో చుక్కల ముగ్గు వేయించండి. పెన్ను పట్టుకోలేని చిన్నవాళ్లుంటే బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దమనండి, ఒక్కో ముద్ర ఒక్కో పువ్వులా పడుతుంది. రంగు బాగా ఆరాకే డబ్బాకు చుట్టండి.

మెరుపు ప్లాస్టిక్ కాగితం చుట్టించుకుంటే బావుంటుందని షాపువాళ్లు అంటారు. స్వీటు బాక్సుల పైన చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన వస్తువుల్లో ఉంది. ఇంకా అమ్ముతూనే ఉన్నారు, అది వేరే సంగతి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులూ అంతే, ఆ ఏడాది చివరి నుంచి వాటికీ నిషేధమే. ఆ డబ్బుతో ఇంకో కిలో బెల్లం వస్తుంది.

సంచులు కొనే ముందు ఇంట్లో అటక మీద చూడండి. ఎవరి పెళ్లికి వెళ్లినా ఇచ్చిన తాంబూలం సంచులు డజన్ల కొద్దీ ఉంటాయి. పైన వధూవరుల పేర్లు ఉంటాయి కదా అంటారేమో. గుడ్డ సంచులైతే తిరగేస్తే సరి, జనపనార సంచులైతే పేర్ల మీద బ్రౌన్ పేపరు ముక్క అంటించండి. తెలిసినవాళ్ల పెళ్లి సంచి తిరగేయకుండా ఇస్తే మాత్రం రెండు రోజులు అదే కబురు. పాత శుభలేఖల్లో మందపాటి అట్ట వృథాగా పోతుంటుంది. దేవుడి బొమ్మ ఉన్న పేజీ పక్కన పెట్టి, ఖాళీ భాగం అగ్గిపెట్టె సైజులో కత్తిరించి, చిల్లు పొడిచి పురికొసకు కడితే చక్కటి ట్యాగు.

ఆ ట్యాగు మీద పేరు, శుభాకాంక్షలు రాసి వదిలేయకండి. డబ్బాలో ఏముందో, ఏ రోజు చేశారో, ఎన్నాళ్లలోపు తినాలో బాల్ పెన్నుతో రాయండి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, నెయ్యి వేసినవైతే ఆ మాట తప్పకుండా రాయాలి, వాళ్లింట్లో ఎవరికి ఏది పడదో మనకు తెలియదు. బెల్లంతో చేసిందని రాస్తే షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చనుకుంటారు కొందరు. బెల్లమూ చక్కెర లాంటిదేనని ఇచ్చేటప్పుడు చెప్పండి.

గాజు సీసాలు మంచివే గానీ పచ్చడి సీసా వాసన అంత తేలిగ్గా పోదు. సబ్బుతో కడిగి, వంటసోడా కలిపిన నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, మర్నాడు ఎండలో బోర్లించకుండా పడుకోబెట్టి ఆరనివ్వండి. మూత విడిగా వాసన చూడండి, వాసనంతా మూత లోపలి రబ్బరులోనే దాక్కుంటుంది. పోకపోతే దాన్ని తీపికి వాడొద్దు, కారప్పూసకు పెట్టుకోండి. కాఫీ, హార్లిక్స్ సీసాలకు ఈ బాధ లేదు. చెప్పుల డబ్బాలు మాత్రం తిండికి వద్దు, జిగురు వాసన పోదు. వాటిలో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు తీసి జంతికల్లో వేసేవాళ్లనూ చూశాను. పిల్లలున్న ఇంటికి అలాంటివి పంపొద్దు.

దగ్గరి వాళ్లకైతే స్టీలు డబ్బాలోనే ఇచ్చేయండి, అంతకంటే చవక ప్యాకింగ్ లేదు. మన దగ్గర డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వరు, కనీసం గుప్పెడు పంచదారైనా వేస్తారు. డబ్బా మీద పేరు చెక్కించి ఉంటే ఎవరిదో వెతుక్కోవాల్సిన పని ఉండదు, లేకపోతే అడుగున తెల్ల టేపు అంటించి ఫ్లాట్ నంబరు రాయండి. తాంబూలంలోని అరటిపళ్లు, తమలపాకులు ఏ డబ్బాలోనూ పెట్టకండి. సంచిలో పైన విడిగా పెట్టండి. వాటి తడికి, పండు వాసనకు లోపలివన్నీ పాడవుతాయి.

వేరే ఊరికి ఆర్టీసీ కార్గోలోనో కొరియర్‌లోనో పంపాలంటే, ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చిన అట్టపెట్టెలు, వాటిలోని బుడగల షీట్లు దాచుకోండి. సీలు చేసిన కవర్లను డబ్బాలో, డబ్బాను అట్టపెట్టెలో, మధ్యలో నాలుగు వైపులా రెండు వేళ్ల మందాన మెత్త. ఇక్కడ న్యూస్‌పేపరు ఉండలు వాడొచ్చు, తిండికి తగలదు కాబట్టి. సకినాలు పంపితే ఒకటి రెండు విరుగుతాయని ముందే అనుకోండి. అరిసెలు, సున్నుండలు ప్రయాణానికి గట్టివి. విదేశాలకైతే ఏవి పంపొచ్చో ఏవి కుదరవో ఆ కొరియర్ వాళ్లనే ముందు అడిగి, ఆ తర్వాతే వండండి.

క్రిస్మస్‌కు కేకు ముక్కలతో పాటు అరిసెలు, కజ్జికాయలు పంచే ఇళ్లు మన వైపు చాలానే. వాళ్లకూ ఇవే పద్ధతులు. కేకు మాత్రం బటర్ పేపర్లో విడిగా చుట్టాలి.

ఆఫీసులో ఇచ్చేవి భోగికి మూడు నాలుగు రోజుల ముందే ఇచ్చేయండి, తర్వాత సగం మంది ఊళ్లకు బయల్దేరతారు. బస్సులో పట్టుకెళ్లేవాళ్లకు పొడుగు సీసా కంటే పలకలా ఉండే డబ్బా నయం, బ్యాగులో బట్టల మధ్య ఇరుకుతుంది. అపార్ట్‌మెంట్లో వాళ్లకు భోగి నాడు ఇవ్వొచ్చు. లెక్క వేసుకునేటప్పుడు 30 అని ఆగకండి. వాచ్‌మన్, పనమ్మాయి, పాలబ్బాయి, చెప్పకుండా దిగే చుట్టం, వీళ్లందరికీ కలిపి ఇంకో నాలుగైదు అదే డబ్బాల్లో, అదే ముడులతో సిద్ధంగా ఉంచుకోండి. మొత్తం మీద డబ్బా, కవరు, కాగితం కప్పులు, బటర్ పేపరు, పురికొస కలిపి ఇంటికి 15 నుంచి 20 రూపాయల్లో తేలిపోతుంది. జాకెట్టు ముక్క ఖర్చు ఇందులో వేయలేదు, అది మీ తాంబూలం లెక్కలోది.